విజయనగరం ఎండల్లో చలిప్రాంతపు బుల్లి ఆర్కిడ్లు: గదిని కాదు, పెట్టెను చల్లబరచండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: విజయనగరంలో రెండంతస్తుల ఇల్లు. పడకగదిలో ఏసీ ఉంది. కొట్టు మూసేశాక ఇంటికి తెచ్చుకున్న గాజు తలుపు కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒకటి ఖాళీగా పడి ఉంది. మాస్‌డెవాలియా, డ్రాకులా, లెపాంథెస్ లాంటి బుల్లి ఆర్కిడ్లు మన దగ్గర మే నెల దాటి బతుకుతాయా? బతికించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బతుకుతాయండి, పూస్తాయి కూడా. కాకపోతే వరండాలో కాదు, మేడ మీద గ్రీన్ నెట్ కింద కాదు, ఏసీ గదిలో కిటికీ పక్కన కూడా కాదు. అన్ని వైపులా మూసి, చలిని పట్టి ఉంచే పెట్టె ఒకటి కావాలి. అందులో రాత్రి 12 నుంచి 15 డిగ్రీలు, పగలు 20 నుంచి 23 డిగ్రీలు ఉండాలి. మీ దగ్గరున్న ఫ్రిజ్ ఆ పనికి బాగా సరిపోతుంది. మొక్కలు మాత్రం ఆఖరున కొనండి. ముందు పెట్టె తయారవ్వాలి, తర్వాత నెల రోజులు ఖాళీగా నడిపి చూడాలి, ఆ తర్వాతే మొక్క.

ఎందుకింత పట్టింపో చెబుతాను. ఈ మొక్కల్లో ఎక్కువ భాగం ఈక్వడార్, కొలంబియా, పెరూ దేశాల్లో ఆండీస్ కొండల మీద, 1500 నుంచి 3000 మీటర్ల ఎత్తున, మబ్బులు ఆనుకుని ఉండే అడవుల్లో పుట్టాయి. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ మన ఎండాకాలం లాంటిది లేదు. ఏడాది పొడవునా పగలు చల్లన, రాత్రి ఇంకా చల్లన. మాస్‌డెవాలియాకు డెండ్రోబియం, కాట్లేయాల్లా నీరు దాచుకునే దుంపకాడ లేదు. సన్న వేళ్ళు, మందపాటి ఆకు, అంతే దాని ఆస్తి. రాత్రి వేడిగా ఉంటే మొక్క ఊపిరి పీల్చే వేగం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపు. పగలు ఆకు తయారుచేసుకున్న చక్కెర రాత్రికి రాత్రే ఖర్చయిపోతుంది. అందుకే మధ్యాహ్నం 28 డిగ్రీలను కొన్ని గంటలు ఓర్చుకునే మొక్క, రాత్రంతా 27 డిగ్రీలు ఉంటే రెండు మూడు వారాల్లో కుంగిపోతుంది. మనకు మే నెలలో తెల్లవారుజామున కూడా 27, 28 డిగ్రీలుంటాయి. వీటిని చంపేది వడగాడ్పు కన్నా రాత్రి ఉక్కపోత.

"అరకులో చుట్టాలింట్లో పెడితే?" అని చాలామంది అడుగుతారు. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు, అంటే మనకన్నా అయిదారు డిగ్రీలే చల్లన. చలికాలం అక్కడ హాయిగా ఉంటాయి, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మళ్ళీ ఇదే గొడవ.

ఎయిర్ కూలర్, తడి గోనెసంచి, ఇసుకలో పెట్టిన కుండ: మన తీరంలో ఇవేవీ పనిచేయవు. నీరు ఆవిరై చల్లబరిచే ఏ పద్ధతైనా గాలి పొడిగా ఉంటేనే ఫలిస్తుంది. బయట 36 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే ఎంత మంచి కూలరైనా 28 డిగ్రీలకు కిందికి దించలేదు. అది యంత్రం లోపం కాదు, ఆ గాలికున్న హద్దే అంత. రాయలసీమలో పెంచేవాళ్ళు కూలర్ పద్ధతి చెబితే అది వాళ్ళ పొడిగాలికి సరి, మనకు కాదు.

ఏసీ గది సంగతి. ఇంటి ఏసీని రాత్రంతా అతి తక్కువకు పెట్టినా గది 18 దగ్గర ఆగుతుంది. మనిషికి వణుకు పుడుతుంది, మొక్కకు ఇంకా చాలదు. పైగా ఏసీ గాలిలో తేమను పిండేస్తుంది. డ్రాకులా పువ్వు అలాంటి గాలిలో గంటసేపట్లో వాలిపోతుంది. పగలు మీరు బయటికెళ్ళి ఏసీ ఆపితే గది మళ్ళీ 33కి ఎక్కుతుంది. ఈ ఎగుడుదిగుడు అన్నిటికన్నా చెడ్డది. ఏసీ గది వల్ల ఒక్క లాభముంది. పెట్టెను ఆ గదిలో ఉంచితే ఫ్రిజ్ కంప్రెసర్ మీద భారం తగ్గుతుంది.

ఇక ఫ్రిజ్. దాన్ని మేడగదిలో పెట్టకండి. శ్లాబు వేడికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తొందరగా చెడుతుంది. కింది అంతస్తులో, పడమటెండ తగలని గదిలో, గోడకు కనీసం 15 సెంటీమీటర్లు వదిలి నిలబెట్టండి. వెనక జాలీ దుమ్ము నెలకోసారి బ్రష్‌తో దులపాలి.

కూల్‌డ్రింకుల ఫ్రిజ్ లోపలి థర్మోస్టాట్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య నడిచేలా తయారైంది. మనకు కావలసింది 13, 22. దానికోసం లోపలి వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు. బయట ఒక డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి, ఫ్రిజ్ ప్లగ్గుకు వెళ్ళే కరెంటును అది ఆపేలా, ఇచ్చేలా చేస్తే చాలు. ఎస్‌టీసీ 1000 అనే రకం సులువుగా దొరుకుతుంది. కొనేటప్పుడు 220 వోల్టులదేనా అని చూసుకోండి, 12 వోల్టులవీ అదే రూపంలో వస్తాయి. అమరికలు ఇలా: ఎఫ్1 అంటే కావలసిన డిగ్రీలు, ఎఫ్2 అంటే ఎన్ని డిగ్రీలు పెరిగాక మళ్ళీ ఆన్ కావాలో (1.5 పెట్టండి), ఎఫ్3 అంటే కంప్రెసర్ ఆగాక మళ్ళీ మొదలవడానికి ఎన్ని నిమిషాలు ఆగాలో (5 పెట్టండి, తగ్గించొద్దు), ఎఫ్4 అంటే సెన్సర్ చూపించే తేడాను సరిచేసే అంకె. సెన్సర్‌ను గ్లాసులో నలగ్గొట్టిన ఐసు, కొంచెం నీళ్ళు పోసి పది నిమిషాలు ముంచండి. సున్నా చూపాలి. చూపకపోతే సున్నా చూపేలా ఎఫ్4ను సరిచేయండి.

పగలొక డిగ్రీ, రాత్రొక డిగ్రీ కావాలంటే కంట్రోలర్లు రెండు పెట్టుకోండి. మొదటిది 22 దగ్గర ఎప్పుడూ ఆన్. రెండోది 13 దగ్గర పెట్టి, టైమర్ ద్వారా సాయంత్రం 6 నుంచి ఉదయం 5 దాకా మాత్రమే కరెంటు అందేలా చేయండి. రెండింటి కూలింగ్ వైర్లు ఒకే ఫేజ్ నుంచి వచ్చి ఒకే సాకెట్‌కు కలవాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తడి ఉండే చోటు కాబట్టి ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. మన ఊళ్ళలో వోల్టేజీ ఊగుతుంది గనక ఫ్రిజ్ స్టెబిలైజర్ కూడా ఉండాలి.

ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ను తీసేయకండి. దాన్ని అతి తక్కువ చల్లదనం దగ్గర పెట్టి వదిలేయండి. బయటి కంట్రోలర్ రిలే (కరెంటును ఆపి, ఇచ్చే దాని లోపలి స్విచ్) ఎప్పుడైనా ఆన్‌లోనే అతుక్కుపోతే పెట్టె గడ్డకట్టే దాకా వెళ్తుంది. లోపలి థర్మోస్టాట్ ఉంటే ఏడెనిమిది డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఒక రాత్రి 8 డిగ్రీలు మాస్‌డెవాలియాకు ప్రమాదం కాదు. 0 మాత్రం మరణమే.

ఇంకో హెచ్చరిక. వైర్ల కోసం ఫ్రిజ్ గోడకు డ్రిల్లింగ్ చేయకండి. చాలా మోడళ్ళలో గ్యాస్ గొట్టాలు పక్క గోడల్లో దాగి ఉంటాయి. ఒక్క రంధ్రంతో గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌ల్లో చాలావాటిలో ఉండే ఐసోబ్యూటేన్ మండే గ్యాస్ కూడాను. చదునైన సన్నవైర్లను తలుపు రబ్బరు కింద నుంచి తీయండి, లేదా అడుగున నీరు పోయే రంధ్రం నుంచి లాగండి.

కొత్తగా కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. వైన్ కూలర్ల పేరుతో వచ్చే చిన్న పెట్టెల్లో పెల్టియర్ రకం (కంప్రెసర్ లేకుండా, కరెంటు పారే చిన్న పలకతో చల్లబరిచేది), కంప్రెసర్ రకం అని రెండున్నాయి. పెల్టియర్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ గది 35 డిగ్రీలున్నప్పుడు లోపల లైటు కూడా వేసుకుని 13కి దించడం దానివల్ల కాదు. మన వేసవికి కంప్రెసర్ రకమే.

ఫ్రిజ్ లేని వాళ్ళు గాజు తొట్టెలో ఐసు సీసాలు పెడితే సరిపోతుందా అంటారు. లెక్క చూడండి. 60, 40, 40 సెంటీమీటర్ల కొలతల మామూలు గాజు తొట్టెకు బయటికీ లోపలికీ 15 డిగ్రీల తేడా నిలపాలంటే సుమారు 110 వాట్ల వేడిని ఆపకుండా బయటికి తోడాలి. కిలో ఐసు కరగడానికి పీల్చే వేడి 93 వాట్ అవర్లు. అంటే కిలో ఐసు గంట కూడా నిలవదు. అదే తొట్టెకు అయిదు వైపులా 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ అతికించి, ముందు మాత్రం రెండు పొరల గాజు ఉంచితే ఆ 110 వాట్లు 20కి దిగుతాయి. అప్పుడు రెండున్నర కిలోల ఐసుతో ఒక రాత్రి గడుస్తుంది. ఐసుతో నెలల తరబడి నెట్టుకురావడం కుదరదు గానీ, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ఈ లెక్కే చెబుతుంది. దాని గురించి కింద రాస్తాను.

లోపల గాలి కదలాలి. కంట్రోలర్ ఫ్రిజ్‌ను ఆపినప్పుడు దాని సొంత ఫ్యాన్ కూడా ఆగుతుంది కాబట్టి, వేరే అడాప్టర్ మీద 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ (120 మిల్లీమీటర్లది) 24 గంటలూ తిరగనివ్వండి. 7 లేక 9 వోల్టులిస్తే మెల్లగా తిరుగుతుంది, అదే కావాలి. ఆకు కొద్దిగా ఊగితే చాలు. గాలి నేరుగా మొక్క మీదికి కాకుండా గోడ వైపు తిప్పండి. ఫ్యాన్ ఆగిన పెట్టెలో పైఅరకూ కింది అరకూ నాలుగైదు డిగ్రీల తేడా వస్తుంది, ఆకుల మీద నీటిబొట్లు నిలిచి మచ్చలు పడతాయి.

తేమ 75 నుంచి 90 శాతం ఉండాలి. ఫ్రిజ్ కాయిల్ గాలిలోని నీటిని లాగి అడుగున ట్రేలోకి వదులుతుంది, అక్కడది ఆవిరైపోతుంది. ఆ గొట్టాన్ని ఒక సీసాలోకి మళ్ళించండి. రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు దిగుతోందో తెలిస్తే అంత నీరు లోపలికి తిరిగివ్వాలని తెలుస్తుంది. ఆ నీరు కాయిల్ లోహం తగిలినది కాబట్టి మొక్కకు పోయకండి. అడుగున తడి నాచు పరిచిన ట్రే, ఆ పైన నీటిని పొగమంచులా వదిలే చిన్న అల్ట్రాసోనిక్ ఫాగర్, టైమర్ మీద రెండు గంటలకోసారి అయిదు నిమిషాలు: మామూలుగా ఇది చాలు. ఫాగర్‌లో బోరునీరు పోస్తే ఆకుల మీద తెల్లపొడి పేరుకుంటుంది. తేమ మీటరును నమ్మేముందు ఉప్పుతో పరీక్షించండి. చిన్న మూతలో ఉప్పు వేసి, తడిసి ముద్దయ్యేంత నీరు మాత్రం చల్లి, మీటరుతో పాటు గట్టిగా మూసిన డబ్బాలో ఎనిమిది గంటలుంచితే 75 చూపాలి. చౌక మీటర్లు పది శాతం దాకా తప్పు చూపడం మామూలే.

ఆగస్టులో తలుపు గాజు బయటివైపు చెమర్చి కింద నీరు కారుతుంది. భయపడకండి, బయటి గాలిలో అంత తేమ ఉంది, అంతే. కింద గుడ్డ పరచండి, స్విచ్‌బోర్డు మాత్రం ఆ తడికి దూరంగా ఉండాలి.

లైటుకు తెల్ల ఎల్ఈడీ పట్టీలు చాలు, గులాబీరంగు గ్రో లైట్లు అక్కర్లేదు. మాస్‌డెవాలియాకూ, అలాంటిదే మరో బుల్లి ఆర్కిడ్ రెస్ట్రెపియాకూ ఆకు దగ్గర 8,000 నుంచి 12,000 లక్సులు (లక్సు అంటే వెలుగు కొలత), డ్రాకులా, లెపాంథెస్‌లకు 4,000 నుంచి 8,000. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఈ పనికి సరిపోతుంది. 45 సెంటీమీటర్ల చదరపు అరకు 10,000 లక్సులు రావాలంటే 20 నుంచి 25 వాట్లు కావాలి. ఆ వాట్లన్నీ చివరికి వేడే, దాన్ని మళ్ళీ కంప్రెసరే తోడాలి. అందుకే అరలు రెండుకు మించనీయకండి, ఎల్ఈడీ డ్రైవర్‌ను పెట్టె బయట ఉంచండి. ఉదయం 5 నుంచి సాయంత్రం 5 దాకా లైటు. కరెంటు కలిసొస్తుందేమోనని పగటిని రాత్రిగా, రాత్రిని పగలుగా తిప్పకండి. పెట్టెలోని 13 డిగ్రీల రాత్రి బయటి 38 డిగ్రీల మధ్యాహ్నంలో పడితే కంప్రెసర్‌కు తెరిపి ఉండదు. ఆకు వెనక ఊదారంగు తిరిగితే వెలుగు ఎక్కువైందని, ఆకు ముదురు పచ్చగా సాగి పువ్వు రాకపోతే తక్కువైందని అర్థం.

నీటి దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. మాస్‌డెవాలియా వేళ్ళు ఉప్పును సహించవు. ఆకుల కొనలు నల్లబడి ఎండుతున్నాయంటే మొదట నీటినే అనుమానించండి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరుతో కొలవండి. పోసే నీరు 50 పీపీఎం లోపు ఉండాలి. మన బోరునీళ్ళు చాలాచోట్ల దానికి ఎన్నో రెట్లు. ఆర్వో నీరు గానీ వాననీరు గానీ వాడండి. వాననీరు పట్టేటప్పుడు మొదటి ఇరవై నిమిషాల వాన వదిలేయండి, కొత్తగా సిమెంటు పూసిన శ్లాబు నుంచి పట్టకండి, డ్రమ్ముకు దోమలు చొరబడకుండా సన్నని గుడ్డ కట్టండి. ఇంకొకటి చాలామందికి తట్టదు. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఏ నీరైనా రెండు లీటర్ల సీసాలో పోసి ముందురోజే పెట్టెలో ఉంచండి. మొక్క ఎంత చల్లగా ఉందో నీరూ అంతే చల్లగా ఉండాలి.

కుండీలో మట్టికి బదులు నింపే నాచు ఎప్పుడూ పిండిన గుడ్డంత తడిగా ఉండాలి. పూర్తిగా ఎండనీయకూడదు, నీరు కారుతూనూ ఉండకూడదు. 5 సెంటీమీటర్ల జాలీ కుండీకి రెండు మూడు రోజులకోసారి నీరు సరిపోతుంది. ఉదయం పోయండి, రాత్రికి ఆకుల మొదళ్ళలో నీరు నిలవకూడదు.

ఎరువు సంగతి. ఎరువుల కొట్టులో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) చాలు. 10 గ్రాములు లీటరు నీటిలో కలిపి చీకట్లో దాచుకోండి. అందులో 25 మిల్లీలీటర్లు తీసి లీటరు నీటికి కలిపితే పావు గ్రాము పడుతుంది, నత్రజని 48 పీపీఎం వస్తుంది. ఆర్వో, వాననీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉండవు, 19-19-19లోనూ ఉండవు. కాబట్టి ఒక వారం 19-19-19తో పాటు లీటరుకు 0.1 గ్రాము మెగ్నీషియం సల్ఫేట్, మరుసటి వారం లీటరుకు 0.3 గ్రాముల కాల్షియం నైట్రేట్ ఒక్కటే ఇవ్వండి. మూడోవారం మళ్ళీ మొదటిది. నాలుగోవారం ఒట్టి నీరు కారేలా పోసి ఉప్పును కడిగేయండి. కాల్షియం నైట్రేట్‌ను మిగతా రెంటితో చిక్కటి ద్రావణంగా కలపకూడదు, తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది. కొత్త ఆకు కురచగా, కొన నల్లగా వస్తుంటే కాల్షియం చాలడం లేదని చూసుకోండి.

నాటడానికి స్ఫాగ్నమ్ నాచే నాకు మేలనిపిస్తుంది. పొడవు పోగులున్నది కొనండి, పొడిగా నలిగిపోయేది వద్దు. నానబెట్టి పిండి, వేళ్ళ చుట్టూ వదులుగా చుట్టి, అడుగున థర్మోకోల్ ముక్కలు వేసిన కుండీలో దించండి. బిగించి కూరితే వేళ్ళకు గాలాడక కుళ్ళుతాయి. ఆకులు మొదలయ్యే చోటు నాచు పైకే ఉండాలి, పూడ్చొద్దు. ఏడాదికోసారి నాచు మార్చండి. మార్చడానికి డిసెంబరు, జనవరి మంచి నెలలు. మొక్కను విడదీస్తే ఒక్కో పిలకకు కనీసం అయిదారు ఆకులుండాలి, అంతకన్నా చిన్నవి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

ఉద్దానం వైపు కొబ్బరి పీచు, కొబ్బరి చెక్కముక్కలు చవగ్గా దొరుకుతాయి గదా, అవి వాడొచ్చా అంటే వాడొచ్చు, అలాగే వాడకూడదు. వాటిలో సోడియం, పొటాషియం లవణాలు నిండుగా ఉంటాయి. లీటరుకు 10 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రోజంతా నానబెట్టి, తర్వాత మంచినీటితో మూడు నాలుగుసార్లు కడిగి, ఆఖరున వచ్చిన నీటి టీడీఎస్ 150 కిందికి దిగాక వాడండి. లెపాంథెస్‌కు మాత్రం కొబ్బరి వద్దు. చెక్కకు కట్టి పెంచాలనుకుంటే జామకొమ్మ గట్టిది, పెట్టె తేమకు తొందరగా కుళ్ళదు. మామిడికొమ్మ ఏడాది తిరక్కుండానే బూజుపడుతుంది.

డ్రాకులాను మామూలు కుండీలో పెట్టకండి. దాని పూలకాడ కిందికి దిగి, కుండీ అడుగు నుంచి బయటికొచ్చి పూస్తుంది. మూసిన కుండీ అయితే మొగ్గ లోపలే కుళ్ళుతుంది, మొక్క పూయడం లేదని మీరనుకుంటారు. పెద్ద కన్నాల జాలీబుట్టలో పెట్టి పైనుంచి వేలాడదీయండి, కింద ఒక జానెడు ఖాళీ ఉంచండి.

మొదటిసారికి ఏవి కొనాలి? మాస్‌డెవాలియా ఫ్లోరిబండా, మాస్‌డెవాలియా ఇన్‌ఫ్రాక్టా, రెస్ట్రెపియా ఆంటెన్నిఫెరా, స్పెక్లీనియా గ్రోబీ. ఈ నాలుగూ వేడిని కొంత ఓర్చుకుంటాయి. పెట్టెలో ఏదో తప్పు జరిగి రెండు రోజులు 27కి ఎక్కినా మీకు సరిదిద్దుకునే వ్యవధి ఇస్తాయి. రెస్ట్రెపియా ఆకును కాడతో సహా కోసి తడినాచులో ఉంచితే ఆకు మొదట్లో పిల్లమొక్క వస్తుంది, ఒకటి పోయినా ఇంకొకటి చేతిలో ఉంటుంది. ఇవి ఒక వేసవి దాటాక మాస్‌డెవాలియా టోవరెన్సిస్, డ్రాకులా సిమియా, లెపాంథెస్ తెచ్చుకోండి. కోతిమొహం పువ్వని ఫొటోల్లో తిరిగేది ఆ డ్రాకులా సిమియానే. న్యూగినీ కొండల డెండ్రోబియం కుత్‌బర్ట్‌సోనీ, ఒక్కో పువ్వు నెలల తరబడి నిలిచే అద్భుతమైన మొక్క, కానీ వేర్లు చెడితే తిరిగి లేవదు. దాన్ని చివరికి ఉంచండి. మాస్‌డెవాలియా కాక్సీనియా, వీచియానా ఫొటోలో చిన్నగా కనిపిస్తాయి గానీ పూలకాడ 30 సెంటీమీటర్లు దాటుతుంది. ఫ్రిజ్ అరలో పట్టవు.

ఆర్కిడ్లన్నీ అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం కిందికి వస్తాయి. విదేశం నుంచి వచ్చిన మొక్కైతే సైటీస్ పత్రం, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు చీడపీడలు లేవనే ధ్రువపత్రం), మన దిగుమతి అనుమతి ఉండాలి. అమ్మేవాళ్ళను అడగండి, తడబడితే కొనకండి. ల్యాబులో గింజ నుంచి పెంచిన మొక్కలే తీసుకోండి. అలాగే సీతంపేట, పాచిపెంట, మహేంద్రగిరి కొండల్లో చెట్ల మీదున్న ఆర్కిడ్లను పీకి తెచ్చి ఈ పెట్టెలో పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. వాండా, అకాంపే లాంటి అవి వేడి మొక్కలు, ఈ చలి వాటికి పడదు. వాటి చోటు ఆ చెట్టే.

కొరియర్లో తెప్పించుకుంటే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకానే. మార్చి తర్వాత డబ్బాలో రెండు రోజుల ప్రయాణమంటే మొక్క వచ్చేసరికే ఉడికిపోయి ఉంటుంది. వచ్చాక పాతనాచు తీసేసి, వేళ్ళు చూసి, చిన్న నత్తలకూ వాటి గుడ్లకూ వెతికి, కొత్తనాచులో నాటి, మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచండి. కంది గింజలో సగం కూడా లేని నత్తలు వేళ్ళ కొనలన్నీ తినేస్తాయి, పైకి మాత్రం మొక్క ఊరికే నీరసించినట్టుంటుంది. రాత్రి దోసకాయ ముక్క పెట్టి తెల్లారే చూస్తే దొరుకుతాయి. నాచులో సన్నని నల్లదోమలు లేస్తే దోమల లార్వాలకు వాడే బీటీఐ కలిపిన నీటిని వారానికోసారి, మూడుసార్లు పోయండి.

లక్షణాలు చదవడం నేర్చుకోండి. ఆకు పచ్చగా ఉండగానే కాడ మొదట్లో నల్లబడి రాలిపోతే వేడి, దాని వెంట కుళ్ళు. ఆకులు ముడతలు పడితే వెంటనే నీరు పోసేయకండి, కుండీ తీసి వేళ్ళు చూడండి. వేళ్ళు కుళ్ళినా ఆకు ఎండినట్టే కనిపిస్తుంది. మొగ్గ మినపగింజంత ఉండగా పసుపు తిరిగి రాలితే తేమ పడిపోయిందని. ముదురాకు ఒకటీ అరా పసుపెక్కి రాలడం సహజం.

కరెంటు పోతే ఏం చేయాలన్నది మన జిల్లాల్లో పక్కకు నెట్టే విషయం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళు ఎన్నో. ఇంటి ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడుస్తుందని ధీమా పడకండి. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ఇన్వర్టర్ మీద 12 వోల్టుల ఫ్యాన్ ఒక్కటే ఉంచండి. వంటింటి ఫ్రీజర్‌లో రెండు లీటర్ల నీటి సీసాలు నాలుగు ఎప్పుడూ గడ్డకట్టి సిద్ధంగా ఉండాలి. కరెంటు పోగానే ఎల్ఈడీలు ఆపి, రెండు సీసాలను తువ్వాలులో చుట్టి పైఅరలో, మొక్కలకు తగలకుండా పెట్టి తలుపు మూసేయండి. ఊరికే తెరిచి చూడకండి. గాజు తలుపు ముందు దుప్పటి వేస్తే ఇంకా మంచిది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ రెండు సీసాలు ఒక రాత్రిని గట్టెక్కిస్తాయి, మిగతా రెండు మర్నాటికి. అక్టోబరు, నవంబరు తుపానైతే రాత్రి గాలి 23, 24 దాకా దిగుతుంది కాబట్టి, ఐసు అయిపోయాక రాత్రిళ్ళు తలుపు తెరిచి, తెల్లారే మూసేయండి. మే నెల ఈదురుగాలికి కరెంటు పోతే అంత వెసులుబాటు లేదు. రెండో రోజుకు ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించుకునే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి.

నెల రోజుల పరీక్ష మాటకొస్తే, ఖాళీ పెట్టెలో తడినాచు నింపిన కుండీలు నాలుగైదు పెట్టి, లైటు, ఫ్యాన్, ఫాగర్ అన్నీ నడిపి, రోజూ ఉదయం 5 గంటలకూ మధ్యాహ్నం 3 గంటలకూ డిగ్రీలు, తేమ రాసుకోండి. ఈ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో చేయడమే సరైనది. మధ్యాహ్నం 3కి 24 దాటితే ముందు ఎల్ఈడీ వాట్లు తగ్గించి చూడండి, తర్వాత వెనక జాలీ దగ్గర చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. అప్పటికీ దిగకపోతే తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి, పాత కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌ల్లో చాలాసార్లు చలి కారిపోయేది అక్కడే. అదీ బాగుంటే గ్యాస్ తగ్గిందేమో మెకానిక్‌తో చూపించండి. మీ పెట్టె మే నెల దాటిందంటే మొక్కలను డిసెంబరులో తెప్పించుకోవచ్చు.